పాలు పిండే చెయ్యి

ముసురు పట్టిందంటే చాలు, నా ఎడమచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా ఇప్పటికీ సన్నగా లాగుతుంది. కోడలు మందు రాస్తానంటుంది. వద్దంటాను. ఆ నొప్పి వెంటే పలమనేరులోని మా పాత పశువుల కొట్టం, పేడవాసన, పొద్దున్నే పట్టే మంచు కూడా వస్తాయి. వాటిని ఎందుకు పోగొట్టుకోవాలి?

ఎనభైల మొదట్లో మాట. నాకు ముప్పై దాటాయంతే. మెడలో లేచిన గడ్డ క్యాన్సరని తేలింది. మూడు వారాలకొకసారి తిరుపతి ఆసుపత్రికి వచ్చి మందు ఎక్కించుకోవాలన్నారు. చిత్తూరు, పూతలపట్టు మీదుగా బస్సులో పోయేవాళ్లం. మా ఆయన ముందుగా ఎక్కి, కిటికీ పక్క సీట్లో తువ్వాలు వేసి నాకోసం పట్టేవాడు. పోయేటప్పుడు దారంతా నేనే మాట్లాడేదాన్ని. వచ్చేటప్పుడు కళ్లు మూసుకుని ఆయన భుజానికి ఆనుకునేదాన్ని.

మొదటిసారి నర్సమ్మ చెయ్యి చాపమంటే ఎడమది చాపాను. రెండోసారీ అదే, నాలుగోసారీ అదే. కుడిచేతిని కొంగు కింద దాచుకుని కూర్చునేదాన్ని. కారణం మా ఆవు. అది నా చేతికి తప్ప ఇంకెవరికీ పాలు చేపేది కాదు. వేరేవాళ్లు పొదుగు కింద కూర్చుంటే పాలు ఎగబట్టేది, లేదంటే చెంబును తన్నేది. మా ఆయన రెండుసార్లు తన్నులు తిన్నాడు కూడా. పాలు పిండడానికి రెండు చేతులూ కావాలని నాకు తెలియక కాదు. సూది పడని చెయ్యి ఒక్కటైనా బాగుంటే ఎలాగో నెట్టుకురావచ్చని నా మొండితనం. రెండూ పోతే నా ఆవు ఏమవుతుందన్నదే నా భయం. నేనేమవుతానన్నది ఆ తరవాతే.

మందు ఎక్కుతుంటే నరం పొడుగునా మండేది. రానురాను ఆ నరం నులకతాడులా గట్టిపడింది. చెయ్యి పూర్తిగా చాచలేను, బరువెత్తలేను. జుట్టు ఎలాగూ రాలిపోయింది గనుక జడ వేసుకునే బాధ మాత్రం తప్పింది.

"ఈ చేతిలో నరాలు అయిపోయినాయమ్మా, ఆ చెయ్యి ఇయ్యి" అని నర్సమ్మ బతిమాలింది.

"దాంట్లో నరాలు కనపడవులేమ్మా" అని అబద్ధమాడాను. ఆమె నా కొంగు వైపు అనుమానంగా చూసి, తిట్టుకుంటూ ఎడమచేతిలోనే వెతికింది.

ఇంటికొచ్చాక మా ఆయన గుడ్డను వేడినీళ్లలో ముంచి, పిండి, కాపడం పెట్టేవాడు. "ఈడనా? ఇంకొంచెం కిందనా?" అని అడిగేవాడు. కుడిచెయ్యి ఎందుకివ్వవని మాత్రం ఏనాడూ అడగలేదు. ఆయనకు తెలుసు.

అయిదోసారి మందు పడ్డాక నేను మంచం దిగలేకపోయాను. చెంబు పట్టుకుందామంటే ఎడమచేతి వేళ్లు ముడుచుకోలేదు.

"నువ్వు పండుకో. నేను పిండుతా ఉండాను. బాగానే ఇస్తా ఉండాది" అన్నాడు మా ఆయన. రోజూ నిండుచెంబు తెచ్చి చూపించాడు కూడా.

నేను నమ్మలేదు. పక్కింట్లో పోయించుకొచ్చి నన్ను మభ్యపెడుతున్నాడనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఒకవేళ ఆవు నిజంగానే ఇస్తుంటే అన్న ఆలోచనకు కుళ్లు కూడా పుట్టింది. నాలుగోరోజు తెల్లవారగానే గోడ పట్టుకుని కొట్టం దాకా నడిచాను.

ఆవు కింద నా పాత ఆకుపచ్చ కోక చుట్టుకుని, తలనిండా కొంగు కప్పుకుని మా ఆయన కూర్చున్నాడు. కొంగు చాటు నుంచి మీసం కనపడుతోంది. పాలు పిండే చెయ్యి మారితే, అలవాటైన మనిషి కట్టి విడిచిన కోక చుట్టుకుని కూర్చోవడం మా వైపు అలవాటే, వాసనకు ఆవు మోసపోతుందని. కానీ అది ఆడవాళ్లు చేసే పని. నా కోకను దండెం మీద ఆరేయమంటేనే వీధిలో ఎవరైనా చూస్తారని నామోషీ పడే మనిషి ఆయన! ఆవు నిమ్మళంగా నెమరేస్తోంది. చెంబులో ధార సుయ్‌ సుయ్‌మంటోంది.

నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే చెయ్యి గుంజింది. తరవాత ఏడుపొచ్చింది.

మా ఆయన వెనక్కి తిరగలేదు. "సూసింది సాలు, లోపలికి పో. నీ గొంతు ఇన్నాదంటే ఇది నాకియ్యదు. ఊర్లో ఎవురికీ సెప్పబాకు" అన్నాడు.

తరవాతిసారి తిరుపతిలో నర్సమ్మ అలవాటుగా నా ఎడమ పక్కకు వచ్చింది. నేను కొంగు తీసి కుడిచెయ్యి చాపాను.

"ఏమమ్మా, ఈరోజు ఈ చెయ్యి ఇస్తా ఉండావే?"

"ఇంటికాడ పాలు పిండే చేతులు ఇంకో రెండుండాయిలేమ్మా" అన్నాను.

కోక సంగతి ఎక్కడ బయటపెడతానోనని మా ఆయన గాబరాగా నా వైపు చూశాడు. నేను చెప్పలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.