తాడు వదిలేసిన అండీ రాక్షసుడు

“మీ మావయ్య ఇక లేరమ్మా” అని అత్తయ్య ఉయ్యూరు నుంచి ఫోన్ చేయగానే ఏడుపొచ్చింది. వెనకే పాత కోపమూ వచ్చింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను.

తొంభైల చివర్లో, వేసవి సెలవులకి పిల్లలందరం బెజవాడ నుంచి వెళితే, మావయ్య డాబా మీద ఒక ఆట ఆడించేవారు. కథ చెప్పేది ఆయన, అందులో వీరులం మేము. దెబ్బ తగిలిందో లేదో పాచిక తేల్చేది. రాక్షసులు రావడం, మేం నరకడం. వారానికే విసుగొచ్చింది.

“రాక్షసుడంటే కొమ్ములు కాదర్రా, అలవాట్లు” అన్నారాయన. అప్పటినుంచి బస్సులో కనబడ్డ మనుషుల తీరులు ఏరుకొచ్చి రాక్షసులకు తొడిగేవారు. ఒకడికి పంటినొప్పి. ఒకడు కళ్లు మూసుకుంటే గానీ కొట్టలేడు.

ఇంకొకడు అండీ రాక్షసుడు, మామూలు కాపలా బంటు. “ఏమీ అనుకోకండి, మిమ్మల్ని పొడవాలండీ” అన్నాడు వస్తూనే. మావాళ్లు కత్తులు దూస్తే నేను అడ్డుపడ్డాను. నా వాటా నీళ్లు వాడికిచ్చాను. ఆ వేసవంతా మాకు వాడే దారి చూపించాడు. గొంతు మావయ్యదే అయినా, నాకు వాడు వేరే మనిషి.

ఆఖర్న కథలో ఏరు దాటుతూ తాడు వాడి చేతికే ఇచ్చాను. సగం దాటాక, “మా దొరగారు చెప్పారండీ, ఏమీ అనుకోకండి” అని వదిలేశాడు. నేను ఏట్లో కొట్టుకుపోయాను. మావయ్య నన్ను పాచిక కూడా వెయ్యనివ్వలేదు.

“వాడు నావాడు కదా మావయ్యా!”

“వాడికీ ఇల్లుందమ్మా” అన్నారు తాపీగా.

నమ్మించి గొంతు కోశారు. మళ్లీ ఆ ఆటకు కూర్చోలేదు. ఆయనా రమ్మనలేదు.

ఈరోజుకీ ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే వాళ్ల చేతులవంక చూస్తాను. ఎంత చెడ్డవాడికైనా ఓ ఇల్లుంటుందనీ అనుకుంటాను. రెండూ ఆయన పెట్టిన భిక్షే.

పెద్దకర్మకి చల్లపల్లి నుంచి ఒకతను వచ్చాడు. నేను మానేసిన తర్వాతి ఏళ్లలో మావయ్య దగ్గర ఆ ఆట ఆడాడట. నా తాడు సంగతి చెప్పాను.

“మా అండీ రాక్షసుడు తాడు వదల్లేదండీ. వాళ్ల దొర కొరడాతో కొడుతున్నా సరే. అందరం దాటేశాం.”

“మీ తాడెందుకు వదల్లేదట?” అని అడిగాను.

“మేమూ అడిగామండీ. ‘ఒకసారి వదిలేశాడ్రా, మా మేనకోడలు ఇంకా ఒడ్డుకి రాలేదు’ అన్నారు.”

ఆ ముక్క ఊరందరికీ చెప్పే బదులు నాకు చెప్పొచ్చుగా మావయ్యా! పిలిస్తే రాకపోదునా?

వాళ్లంతా ఎప్పుడో ఒడ్డెక్కేశారు. వాడు మాత్రం అరచేతులు కమిలిపోయినా తాడు పట్టుకుని, ఏటివంక చూస్తూ, “రండండీ” అంటూనే ఉన్నాడు. మావయ్య గొంతుతో.