విమానమెక్కిన మిర్చి టిక్కీలు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. విమానాలు నా లెక్కల వల్లే ఎగురుతున్నాయని ఒకటి, మా ప్రత్తిపాడులో దొరకని వస్తువు లోకంలో లేదని ఇంకొకటి. సైన్యం కోసం చిన్న టర్బోప్రాప్ (పంకాల ఇంజన్ల) రవాణా విమానం తయారుచేసే బృందంలో కొత్తగా చేరాను. లోపల ఎక్కడెంత బరువు సరుకు పెట్టాలో చూడటం నా పని. మా చీఫ్‌గారిని చాటుగా గ్రాములాయన అనేవాళ్ళం (టీలో పంచదార కూడా తూచి వేసుకునే రకం). "ఈ ట్రయల్ తేడా వచ్చిందా, నీ ఉద్యోగం పర్మనెంట్ అయ్యే సంగతి మర్చిపో" అని ఆయన ముందే చెప్పేశారు.

ట్రయల్ మా జిల్లాలోనే, ఒక పాత రన్‌వే మీద. విమానం ఎగరక్కర్లేదు. బరువు నింపి, వెనక తలుపు తెరిచి, ఇంజన్లు తిప్పి చూడాలి, అంతే. చూడటానికి ఒక కల్నల్‌గారొచ్చారు. తీరా బరువు కోసం తెప్పించిన ఇసుక బస్తాల లారీ దారిలో చెడిపోయింది. వెంటనే మా అమ్మ తమ్ముడికి ఫోన్ చేశాను. "ఇసుకెందుకురా అల్లుడూ! కల్లంలో మిర్చి ఉందిగా. టిక్కీలు తొక్కించి ట్రాక్టర్ మీద తోలుకొస్తా" అన్నాడు మావయ్య (మిర్చి బస్తాని మా దగ్గర టిక్కీ అంటాం). అన్నట్టే తెచ్చాడు. తూచి చూసి "బరువు బరువేగా" అని గ్రాములాయన కూడా ఒప్పుకున్నారు.

మామూలుగా గోతాల్లో తొక్కే ముందు కాయ విరక్కుండా కాస్త నీళ్ళు చిలకరిస్తారు. మిలిటరీవాళ్ళకి తడి సరుకు అంటగట్టాడన్న మాట రాకూడదని మావయ్య చుక్క నీరు తగలనివ్వలేదట. ఆయన గర్వంగా చెబుతుంటే నేనూ గర్వంగా విన్నాను. ఎండకి గలగలలాడే ఆ కాయంతా తొక్కుడికి పొడైపోయిందని ఇద్దరికీ తట్టలేదు.

ఇంజన్లు తిరిగాయి. వెనక తలుపులోంచి గాలి దూరింది, గోతాలు అదిరాయి, లోపలంతా ఎర్రగా కమ్మేసింది. పైలట్ తుమ్మాడు, కల్నల్‌గారు తుమ్మారు, "ఆపండి" అనబోయిన గ్రాములాయన ఆ మాట పూర్తిచేయలేక తుమ్ముతూనే ఉన్నారు. అందరూ కళ్ళు నులుముకుంటూ బయటపడ్డారు. మావయ్య మనసు నొచ్చుకుంది. "ఇంత నిఖార్సైన సరుకిస్తే ఏడుస్తారేంట్రా మీవాళ్ళు?"

గ్రాములాయన ముక్కుకి రుమాలు కట్టుకుని మళ్ళీ లోపలికెళ్ళారు. ఉద్యోగం పోయిందని ఇంట్లో ఎలా చెప్పాలా అని నేననుకుంటుంటే నన్ను లోపలికి పిలిచారు. పైలట్ సీటు చుట్టూ కారం మందంగా పేరుకుని ఉంది. "చూడవయ్యా. గాలి వెనక్కి పోతుందనుకున్నాం. ఇది పైలట్ ముఖాన కొడుతోంది. రేపు ఇంజన్ పొగా ఇలాగే వస్తుంది. ఇసుకైతే మనకి తెలిసేదే కాదు" అని, మరోసారి తుమ్మి, "ఇంకోసారి ఇలాంటి పని చేశావంటే మాత్రం చంపేస్తా" అన్నారు. తలుపు దగ్గర డిజైన్ మార్చారు. నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఎవరైనా కొత్తగా ఏదన్నా చేస్తామంటే ముందు ఏ రూల్ ప్రకారం అని అడుగుతాను. నవ్వొస్తుంది గానీ, కాస్త బాధా ఉంది. ఆలోచించకుండా మావయ్యకి ఫోన్ కొట్టిన ఆనాటి నేను ఇవాళ నా ముందుకి ఇంటర్వ్యూకొస్తే, చచ్చినా ఉద్యోగమివ్వను.