పెట్టెలో ఆ ఒక్క ఓటు

ఆస్బరీ ఎవరికి ఓటేస్తాడో ఆ అలబామా కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఊరంతా డెమోక్రాట్లు. పెట్టె తెరిచినప్పుడల్లా రిపబ్లికన్లకు ఒకే ఒక్క ఓటు వచ్చేది. అమెరికా అంతర్యుద్ధంలో అతని తండ్రి, రిపబ్లికన్ల ఏలుబడిలోని ఉత్తరాది వైపు పోరాడి కాలు పోగొట్టుకున్నాడు. కొడుక్కి ఆస్తి ఇవ్వలేదు గాని, ఈ మొండితనం మాత్రం ఇచ్చిపోయాడు. "వచ్చాడ్రా మన ప్రతిపక్షం!" అని దుకాణం అరుగు మీద అందరూ నవ్వేవాళ్లు. ఆస్బరీ కూడా నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు పాపం!

1920 వేసవిలో ఆస్బరీ ఇల్లు కాలిపోయింది. ఎవరిల్లు కాలినా ఊరు ఊరంతా గొడ్డళ్లతో దిగి, దుంగలు పేర్చి, పొద్దుగూకేలోగా ఇల్లు నిలబెట్టి, విందు తిని మరీ వెళ్లడం అక్కడి ఆనవాయితీ. ఆస్బరీ దుంగలు కొట్టి సిద్ధం చేసుకున్నాడు. ఒక్కడంటే ఒక్కడు రాలేదు. ఆ దుంగలు ఒంటిచేత్తో లేచేవి కావు. మొగుడూ పెళ్లాలు మొక్కజొన్న నిలవచేసే కొట్టంలో తలదాచుకున్నారు. చలి మొదలయ్యేసరికి భార్య డెల్ఫాకు దగ్గు పట్టుకుంది.

ఎన్నికల ముందు ఆమె అన్న లెమ్యూల్ వచ్చాడు.

"బావా, ఈ ఒక్కసారికి పెట్టె శుభ్రంగా ఉండనీ, అన్నీ మా ఓట్లే పడనీ. ఆ మర్నాడే ఇల్లు లేపడానికి జనాన్ని తోలుకొస్తా. ఈ చలికి మా చెల్లి బతకదు."

"మా నాన్న..."

"మీ నాన్న పోయి చాన్నాళ్లయింది. ఇది బతికుంది."

"సరేలే," అన్నాడు ఆస్బరీ. ఆ మాట అనేసరికి అతనికి ప్రాణం చచ్చినంత పనైంది.

ఆడవాళ్లు ఓటేసే మొదటి ఎన్నిక అది. డెల్ఫా పుట్టినిల్లు డెమోక్రాట్లది. ఆమె అటే వేస్తుందనుకుని అతను అడగలేదు, తన సంగతీ చెప్పలేదు. తెర చాటుకు వెళ్లి, జన్మలో మొదటిసారి డెమోక్రాట్లకు గుర్తు పెట్టాడు. బయటికొచ్చాక ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

సాయంత్రం దుకాణంలో లెక్క పైకి చదివారు. "రిపబ్లికన్లకు... ఒకటి."

"మాటిచ్చి తప్పుతావా? సిగ్గులేదూ!" లెమ్యూల్ మీదికొచ్చాడు. "ఇక ఆ కొట్టంలోనే చావండి!"

తనది కాదంటే మరెవరిదని వెతుకుతారు, అనుకున్నాడు ఆస్బరీ. ఎంతోసేపు వెతకనక్కర్లేదు. తలుపు దగ్గర శాలువా కప్పుకున్న డెల్ఫా, తెల్లబోయి అతనివైపే చూస్తోంది.

"నాదే," అన్నాడు ఆస్బరీ.

ఇద్దరూ బండెక్కి కొట్టం దారి పట్టారు. దారిలో డెల్ఫా దగ్గు ఆపుకుంటూ అంది:

"ఇన్నేళ్లూ ఒక్కడివే నవ్వులపాలయ్యావు. ఈసారి రెండని చదువుతుంటే నీ మొహం చూద్దామనుకున్నా."

"నీ కోసమే అటు వేశా, డెల్ఫా. ఇంటి కోసం."

"ఇల్లు కావాలని నేనడిగానా?"