నలభై ఆరో చెట్టు

పోయిన వారం బెంగుళూరు నుంచి వస్తూ బంగారుపాళ్యం దగ్గర రోడ్డు పక్కన మామిడిపళ్ల కోసం ఆగాను. ఒక్కో పండూ ఒత్తి, వాసన చూసి, పక్కన పెడుతుంటే అమ్మే ఆమెకు ఒళ్లు మండింది. “ఒత్తొద్దు సార్. కండ్లు మూసుకోని యాడన్నా సెయ్యి పెట్టండి. తగిలిన కాయే కోసి ఇస్తా. పుల్లగుంటే తీసుకోవద్దు” అంది. ముప్ఫై ఏళ్లు కాలేజీలో శాంపిలింగ్ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, ఇంత తేటగా ఒక్కనాడూ చెప్పలేకపోయాను. నవ్వుకుంటూ చెయ్యి చాపాను గానీ అది బుట్ట దాకా పోలేదు.

డెబ్బైల చివర్లో తిరుపతిలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివాను. ఆ పేరు మా నాయనకు నోరు తిరగక, అడిగినవాళ్లకు “జనాభా లెక్కల సదువు” అని చెప్పి తప్పించుకునేవాడు. ప్రాక్టికల్స్‌లో ఇద్దరికి ఒక లెక్కల మిషను, పిడి పట్టి తిప్పేది. నాకు జతగా పడ్డవాడు బంగారుపాళ్యం పక్క పల్లెలో మామిడి రైతు కొడుకు. వాడు పిడి తిప్పితే నేను రాసేవాణ్ణి. ప్రతి లెక్కా రెండుసార్లు తిప్పి, రెండుసార్లూ ఒకే అంకె వస్తేనే రాయమనేవాడు. నాకు మొదటిసారే నమ్మకం కుదిరిపోయేది. తల్లి లేని వాణ్ణి పెంచింది వాళ్ల అవ్వ. మనవడు కాలేజీలో పాఠం చెబుతుంటే కిటికీలోంచి చూడాలని ఆమె కోరిక.

ఆఖరి ఏడు మా ఇద్దరికీ కలిపి ఒక ప్రాజెక్టు. తోటలో కొన్ని చెట్ల కాయలు లెక్కపెట్టి మొత్తం కాపు ఎంతో అంచనా కట్టాలి. వాళ్ల తోటనే తీసుకుని, చెట్లన్నిటికీ సున్నంతో నంబర్లు వేశాం. ఏ చెట్టు చూడాలో మనం ఎంచుకోకూడదు. వరసా క్రమం లేని అంకెల పట్టిక ఒకటి ఉంటుంది, అది ఏ నంబరు చెబితే ఆ చెట్టే. అలా ముప్ఫై చెట్లు తేలాయి. మా వెనకే తిరుగుతున్న అవ్వ నలభై ఆరో చెట్టు దగ్గర ఆగిపోయింది. “ఇది నేను కాపరానికొచ్చిన యేడు నాటింది నాయనా. సగం ఎండిపోయుండాది. పక్కది బాగా కాసుండాది, దాన్ని రాసుకోండి” అంది. “పుస్తకం సెప్పిందవ్వా, మార్సకూడదు” అన్నాడు వాడు. “మీ పుస్తకానికి కండ్లు లేవా?” అందామె. ఆ మాటకు మేం కడుపు పట్టుకుని నవ్వాం.

వారం తిరక్కముందే అవ్వ పోయింది. నేను పలకరించడానికి వెళ్లాను. కర్మంతరం అయ్యేదాకా వాడు ఇల్లు కదలకూడదన్నారు పెద్దవాళ్లు. తోట చూస్తే కోతకు వచ్చేసింది. “నువ్వు పోయి సూసిరాప్పా. నువ్వు సూస్తే నేను సూసినట్టే” అన్నాడు. రెండు రోజులు తిరిగాను. నెత్తిన ఎండ, చొక్కాలో ఎర్రచీమలు. ఇరవై రెండు చెట్లు కొమ్మ కొమ్మా చూసి రాశాను. మిగిలిన ఎనిమిదీ దూరంగా, వాగు గట్టున ఉన్న చివరి వరసల్లో ఉన్నాయి. మోటారు కొట్టం నీడలో కూర్చుని వాటికి నేనే అంకెలు వేసేశాను. నలభై ఆరు సగం ఎండిందన్న సంగతి గుర్తుంచుకుని, తెలివిగా తగ్గించి, నూట పన్నెండు కాయలు అని రాశాను.

కర్మంతరం కాగానే వాడు హాస్టలుకు వచ్చాడు. గదిలో కాగితాలు ముందేసుకుని ఒక్కో అంకె కిందా వేలు పెట్టి చదువుతూ ఒకచోట ఆగాడు.

“నలభై ఆరో సెట్టు సూసినావాప్పా?”

“సూసినాను. సగం ఎండినా పర్వాలేదు, కాసుండాది.”

వాడు ఆ అంకె మీంచి వేలు తీయలేదు. “అవ్వను దాంతోనే కాల్చినామప్పా” అన్నాడు.

పెద్దవాళ్లు పోతే తోటలోని మామిడిచెట్టు కొట్టి చితి పేర్చడం మా వైపు ఆనవాయితీ. నాకు తెలియనిదేమీ కాదు, తట్టలేదంతే. ఆ చివరి వరసకు నడిచి ఉంటే మొద్దు కనిపించేది. మళ్లీ లెక్కపెడదామంటే కాయ దింపేశారు. వాడు నన్ను తిట్టి, రెండు తన్ని ఉంటే ఎంత బాగుండేదో. మా సారు దగ్గరికి పోయి, “ఇంట్లో సావు సార్, నేను లెక్కెయ్యలేకపోయినాను, వచ్చే యేడు రాస్తాను” అని తన పేరు తీయించుకున్నాడు. నా మాట ఎత్తలేదు. నేను ఆ కాగితాలే ఇచ్చి పాసయ్యాను. వాటిలో నలభై ఆరు నంబరు మాత్రం కొట్టేసి, అవ్వ రాసుకోమన్న పక్క చెట్టును వేశాను, దానికీ ఊహించిన అంకే. వాడికి ఆ వచ్చే ఏడు రానేలేదు. వాళ్ల నాయన మంచాన పడితే తోట వాడి నెత్తిన పడింది. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మూడోది రాయడానికి ముఖం చెల్లలేదు. లెక్చరరునై, ఎంచిన చెట్టును మార్చకూడదని ఏటా పిల్లలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కిటికీ వైపు చూసేవాణ్ణి.

“సెయ్యి పెట్టండి సార్” అంది పళ్లామె. చెయ్యి వెనక్కి తీసుకుని, వాడి ఊరు చెప్పి, వాడి గురించి అడిగాను.

“లెక్కలాయనా? పోయి రెండేండ్లయింది సార్. సెట్లు సూసి తోటలో ఎంత కాయ దిగతాదో సెప్పేవాడు. ఆయన మాట తప్పింది లేదు.”

వాడికి ఏ చెట్టు కొట్టారని అడగబోయాను. అడగకుండానే కళ్లు మూసుకుని బుట్టలో చెయ్యి పెట్టాను.

కాలం గడిస్తే అన్నీ మరుపున పడతాయంటారు. లేని చెట్టుకు నేను రాసిన ఆ నూట పన్నెండు కాయలు మాత్రం ఏ యేటికాయేడు కాస్తూనే ఉన్నాయి.