కరిగుండ్లపల్లి ఊరు విడిచే రోజు

కళ్యాణదుర్గం దారిలో బస్సు దిగి ఉత్తరంగా చూస్తే రెండు నల్ల గుట్టలు కనిపిస్తాయి. వాటి నడుమ, ఎవరో ఒడిలో దాచుకున్న సద్దిమూటలా కరిగుండ్లపల్లి. ఎర్రనేల, శెనక్కాయ చేలు, వానపడిన నాడే పారే ఒక వంక. గాలి మాత్రం ఏడాది పొడుగునా పారుతుంది.

కరువు మీద కరువు వచ్చి ఊరు సగం ఖాళీ అయిన కాలంలో, గుట్టమీది ఫకీరు ఒక మాట చెప్పాడట. ఏడాదికి ఒక్కరోజు మీరే ఊరు విడవండి, అగ్గి ఆర్పి, ఊపిరి ఉన్నవాటినన్నిటినీ వెంటబెట్టుకొని పొండి, కరువు వచ్చి చూసి ఎవరూ లేరనుకొని తన దారిన పోతుంది అని. అప్పటినుంచి మాఘ పున్నమినాడు తెల్లవారకముందే ఊరంతా గుట్టెక్కుతుంది. పగలంతా దర్గా దగ్గర ఉండి దీపాలవేళకు దిగుతుంది. ఊళ్ళో ఒక్క నిప్పు మిగిలినా విడిచినట్టు కాదు. అందరూ కదిలాక ఇల్లిల్లూ తిరిగి బూడిదలో చెయ్యిపెట్టి చూసే పని చిన్నక్క అత్తగారింటిది.

మడకశిర పక్కనుంచి కోడలిగా వచ్చిన ఏడు చిన్నక్క ఈ తంతు చూసి నవ్వింది. అత్త అక్కమ్మ కోడలి చెయ్యి పట్టుకొని చల్లారిన పొయ్యిలో ఉంచింది. ఎన్నో తరాల వంటలు మెత్తని పొడిగా వేళ్ళ మధ్య జారాయి. ఆ రోజు నుంచి చిన్నక్క ఈ ఊరిది.

అత్త తర్వాత ఆ పని ఆమెకు వచ్చి ఏళ్ళయింది. ఈసారి ఆమె చెయ్యి ఒకచోట ఆగిపోయింది. మరిది కొడుకు జయచంద్ర బెంగళూరులో పని మానుకొని వచ్చి నాటుకోళ్ల షెడ్డు వేశాడు. పున్నమికి ముందురోజే కోడిపిల్లలు దిగాయి. ఊరంతా చీకటైనా షెడ్డులో బల్బులు వెలుగుతున్నాయి. వాటి కింద పసుపు ముద్దల్లా కోడిపిల్లలు ఒకదాన్నొకటి ఒత్తుకొని ఉన్నాయి.

తాను రానని జయచంద్ర చెప్పాడు. వేడి తీస్తే పిల్లలు బతకవు, అవి పోతే మళ్ళీ బెంగళూరు బస్సే గతి.

“అయినా కరెంటు అగ్గి యెట్లయితాది పెద్దమ్మా?”

చిన్నక్క బల్బు మీద చెయ్యి ఆనించి చటుక్కున తీసింది.

“కాలతాండాది కదరా. నా చేతికి తెలిసింది అదొక్కటే.”

దారిలో ఎద్దుల గంటలు దూరమవుతున్నాయి. బల్బులు వెలిగితే అత్త అప్పగించిన పని తన చేతిలోనే తప్పుతుంది. ఆర్పితే ఊరికి తిరిగొచ్చిన పిల్లవాడు మళ్ళీ పోతాడు. చిన్నక్క ఆ దూరమయ్యే గంటలనే విన్నది. ఎద్దులు పోతున్నాయి, మేకలు పోతున్నాయి.

“ఇవి ఊపిరి ఉండేవి కాదేమిరా? ఈడ యెందుకు ఉండాల? రానీ, ఇవీ గుట్టెక్కనీ.”

ఆమె కేకకు దారిలోని జనం వెనక్కి తిరిగారు. గొర్రెల కాపరి కుళ్ళాయప్ప కంబళ్ళు తెచ్చాడు. గంపల్లో శెనక్కాయ పొట్టు పరిచి, పిల్లలను దించి, కంబళ్ళు కప్పారు. ఆడవాళ్ళు కొన్నిటిని కొంగుల్లో కట్టుకున్నారు. జయచంద్ర బల్బులు తనే ఆర్పాడు.

గుట్టమీద దర్గా చూసుకునే జమాల్ సాబ్ ఆ ఊరేగింపును చూసి గడ్డం నిమురుకున్నాడు.

“ఏమక్కా, ఈసారి ఊరు ఊరంతా పొదిగినట్టుండాదే.”

ఎండ ఎక్కేదాకా పిల్లలు మనుషుల ఒళ్ళలోనే ఉన్నాయి. తర్వాత గాలి తగలని వైపు, ఎండకు కాగిన నల్లగుండ్ల పక్కన గంపలు దించారు. మధ్యాహ్నం దాటాక కూడా ఆ గుండ్లు వెచ్చగానే ఉన్నాయి. ఎప్పుడూ కాళ్ళు కాల్చే రాళ్ళని తిట్టుకున్న పెద్దలు వాటిని ఎద్దు వీపు తట్టినట్టు తట్టారు. కింద కరిగుండ్లపల్లి పొగ లేకుండా, అలికిడి లేకుండా పడుకొని ఉంది. కరువు ఎటునుంచి వచ్చి చూసినా ఖాళీయే.

సాయంత్రం దిగేటప్పుడు దర్గా దీపం నుంచి అంటించిన లాంతరు చిన్నక్క చేతిలో ఉంది. మొదట ఆమె పొయ్యి వెలగాలి, ఆ తర్వాతే మిగతా ఇళ్ళు. ఆమె తన గడప దగ్గర ఆగకుండా నేరుగా షెడ్డుకు నడిచింది. గంపలు మోసేవాళ్ళు ఆమె వెనకే మళ్ళారు. ఒకటీ అరా తప్ప పిల్లలన్నీ కిచకిచమంటున్నాయి.

“వెయ్యిరా,” అంది.

జయచంద్ర స్విచ్చు వేశాడు. ఆ ఏడు కరిగుండ్లపల్లిలో మొదట వెలిగింది అదే. చిన్నక్క బల్బు కింద అరచెయ్యి చాపి, వెనక దిగేవాళ్ళంతా ఇళ్ళు చేరేదాకా అలాగే నిలబడింది.