కుండీలో నల్లరేగడి

చెంచయ్య ముప్పై ఏళ్లుగా మిరప పండిస్తున్నాడు. ఆకు ముడతపడితే ఊళ్లోవాళ్లు ముందు ఆయన దగ్గరికే పరిగెత్తుకొస్తారు. ఆయన ఆకు తుంచి, కళ్లద్దాలు పైకి నెట్టి ఒక మాటన్నాడంటే ఇక దానికి తిరుగులేదు. తన మాట తప్పుతుందని ఆయనకు కలలో కూడా తోచలేదు. అదే కొంప ముంచింది.

పక్కింటి రెబ్కా టీచరు డాబా మీద కుండీల్లో రెండు బ్లూబెర్రీ మొక్కలు పెంచుతోంది. మోకాలెత్తు దాటని పొట్టి రకం. చెల్లెలికి ఆపరేషనని నెల రోజులు చీరాల వెళ్తూ వాటిని చెంచయ్యకు అప్పజెప్పింది.

"వీటికి ఆమ్లగుణమున్న పుల్లటి మట్టి ఉండాలండి, సున్నం ఉండే బోరు నీళ్లు పడవు. డ్రమ్ములో వాననీళ్లున్నాయి, అవే పోయండి. ఇంకేం చెయ్యొద్దు."

"నాకా టీచరుగారూ మొక్కల సంగతి చెప్తున్నారు? నిశ్చింతగా వెళ్లిరండి!"

తీరా చూస్తే కుండీలో మట్టే లేదు. అంతా కొబ్బరిపొట్టు, చెట్టు బెరడు. ఈ చెత్తలో మొక్క ఏం తిని బతుకుతుందని ఆయనకు జాలేసింది. మర్నాడే పొట్టు తీసేసి, పొలం నుంచి తెచ్చిన నల్లరేగడి నింపాడు. పైన పొయ్యి బూడిద చల్లి, బోరు నీళ్లు దండిగా పోశాడు. పది రోజులకు ఆకులు పసుపురంగుకు తిరిగాయి, నెలకు పుల్లలు మిగిలాయి. టీచరు వచ్చే ముందురోజు ఆ పెద్దమనిషి చేసిన పనేమిటంటే, నల్లమట్టి కనపడకుండా పైన కాస్త కొబ్బరిపొట్టు పరిచాడు.

రెబ్కా ఒక పుల్లను విరిచి చూసింది, లోపలా ఎండిపోయింది. చెంచయ్య నిజం చెబుదామనే నోరు తెరిచాడు. కానీ వెనకే, మిరపాకు పట్టుకుని సలహా కోసం వచ్చిన రోశయ్య ఉన్నాడు.

"నర్సరీవాడు తెగులు మొక్కలు అంటగట్టాడండి," అనేశాడు.

రెబ్కా ఫోను చేస్తే, మర్నాడు ఉదయమే ఆ మొక్కలమ్మిన నర్సరీ అష్రఫ్ స్కూటర్ మీద రెండు కొత్త మొక్కలు తెచ్చాడు. చెంచయ్యను డాబా మీదే ఉండమని రెబ్కా టీ పెట్టడానికి కిందికి వెళ్లగానే అష్రఫ్ పాత కుండీ బోర్లించాడు. నల్లగడ్డ దబ్బున పడింది. దాన్ని వేళ్లతో నలిపి, చెంచయ్య వైపు ఒక్కసారి చూసి, గోతంలోకి ఎత్తేశాడు. చెంచయ్యకు తల కొట్టేసినట్టయింది.

టీ తెచ్చిన రెబ్కా, తెగులు మొక్కలు అమ్మావంటూ అష్రఫ్‌ని కడిగి పారేసింది.

"పొరపాటు మాదేనండి," అన్నాడు అష్రఫ్ తలొంచుకుని.

స్కూటర్ దగ్గర చెంచయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. "తెలిసి కూడా ఎందుకు చెప్పలేదయ్యా?"

"మా నాన్న పదేళ్లు మీ మాట మీదే మిరపేశాడండి. మీరే చెప్తారని చూశాను."

ఆ మాటకు చెంచయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. కాళ్లీడ్చుకుంటూ మళ్లీ డాబా ఎక్కాడు.

"వీటిని కూడా మీరే చూడాలండి," అంది రెబ్కా కొత్త మొక్కలు సర్దుతూ. "మీరుంటే నాకు దిగులుండదు."

"వద్దమ్మా. వాటిని చంపింది నేనే. కుండీలో రేగడి పోశాను. మీకు అబద్ధం చెప్పాను."

రెబ్కా చేతిలోని కుండీ కింద పెట్టింది. తర్వాత అష్రఫ్ నంబరు నొక్కి, ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"నేను తిట్టింది అతన్నండి. ఇప్పుడు నాతో అన్న మాట అతనికి చెప్పండి."