వాకిలి బయట భజన చేసిన చీమల అయ్యవారు

నాగలమడికలో మాకు జీవశాస్త్రం చెప్పిన నరసప్ప అయ్యవారు మొన్న శనివారం సాయంత్రం దేహం చాలించారు. భజనకు బయలుదేరి, చెప్పులు వేసుకుంటూ కూలిపోయారట. 

ఈ తాలూకాలో ఏ నేల ఏ చీమదో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. రిటైరైనాక బెల్లం, వేయించిన చెనిగిత్తనాల (వేరుశనగల) పొడి సంచిలో వేసుకొని తిరిగేవారు. కాగితం మీద చిటికెడు పెట్టి, పక్కన కూర్చొని, ఏ చీమ వస్తుందో చూసేవారు. నిడుగల్లు కొండ రాళ్ల సందుల్లో గండుచీమలు. చేల గట్ల మీద గడ్డిగింజలు మోసే చీమలు. పినాకిని ఇసుకలో మిట్టమధ్యాహ్నం పరుగులు తీసే పొడుగుకాళ్ల చీమలు. క్యాతగానచెర్లులో సోలార్ ప్లేట్ల కింద మాత్రం ఆ పొడుగుకాళ్లవి ఒక్కటీ రాలేదు. ప్లేట్లు కడిగిన నీళ్లు కారే చోట చిన్న ఎర్రచీమలే మూగాయి.

"నీడ వచ్చింది గదా అయ్యవారూ, మంచిదే గదా?" అన్నాను.

"నీడ అందరికీ మంచిది గాదప్పా. ఎండను నమ్ముకొని బతికేదాన్ని నీడే తరిమేస్తాది."

పేరు తెలియని చీమ దొరికితే ఒకటి రెండింటిని స్పిరిట్ సీసాలో వేసేవారు. అదే నేరమైంది. మా భజన మండలి పెద్ద తిప్పన్న అందరి ముందూ, "ప్రాణం తీసే చేత్తో దేవుని ముందర తాళాలు పట్టగూడదు. లెయ్, బయటికి పో" అన్నాడు.

"తీసినానప్పా. ఆ పాపం నాదే" అని అయ్యవారు లేచారు. ఆనాటి నుంచి ప్రతి శనివారం మందిరం వాకిలి బయట, చెప్పుల పక్కన నిలబడి పాడారు. ఒక్కసారి లోపల పాడి కన్నుమూస్తే చాలునని నాతో అనేవారు.

కిందటి శ్రీరామనవమికి ప్రసాదానికి చీమలు పట్టాయని అదే తిప్పన్న మందిరం చుట్టూ విషపు పొడి చల్లించాడు. తెల్లారేసరికి గోడ వెంట నల్లగా కుప్పలు. అయ్యవారు వాటిని చూసి, "నాకు సీసా చాలింది తిప్పన్నా. నీకు గంప గావాల గదప్పా!" అన్నారు. జనం నవ్వారు. తిప్పన్న ముఖం మాడింది. అయినా ఆయనను లోపలికి రానివ్వలేదు.

ఇప్పుడు తిప్పన్నే ఆయన పటం మందిరంలో పెట్టి, దండ వేసి, సంస్మరణ భజన చేస్తాడట! క్షమ పరమధర్మమని పురాణాలు విని పెరిగినవాణ్ణే నేను. ఆ క్షమ ఇమ్మని రోజూ స్వామిని అడుగుతున్నాను. ఇంకా ఇవ్వలేదు. ఇచ్చినా ఇప్పుడే పుచ్చుకోను.

పటం నా దగ్గరుంది. తిప్పన్నా, అది లోపలికి రాదు. ఈ శనివారం నుంచి ఆయన నిలబడిన చోటే పెడతాను. నువ్వూ, నీ మాటకు తలాడించిన ప్రతివాడూ ఆయన ముఖం చూసే లోపలికి పోవాలి.

అయ్యవారూ, మీవంటి గురువు ఈ ఎండల సీమకు మళ్లీ దొరకడు. మీకు దండం పెట్టదలచినవాళ్లు బయటికి వచ్చి పెడతారు.